బడి తరఫున ఎవరు అడగాలి?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మాస్టారు విశాఖ మున్సిపల్ బడుల్లో ఉద్యోగ జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మైకులో తన పేరు వినబడితే ఆయనకు మహా చికాకు. అందుకే కుటుంబం ఈ నిధి ఇస్తూ ఒక షరతు పెట్టింది. వక్త ఎవరైనా సరే ఆయన్ను పొగడకూడదు, బడి గురించే మాట్లాడాలి. షరతుకు కట్టుబడతాను కానీ ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. స్టాఫ్ రూములో ఎవరైనా "ఈ తల్లిదండ్రులకు ఏమీ పట్టదండీ" అంటే ఆయన తలెత్తి "వాళ్లను ఎప్పుడైనా అడిగారా?" అనేవారు. జవాబు కోసం ఎదురుచూడకుండా మళ్లీ పేపర్లు దిద్దుకునేవారు.

ఈ ఊరికి అడగడం చేతకాదనడానికి వీల్లేదు. 1966 అక్టోబరులో ఉక్కు ఫ్యాక్టరీ కోసం టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చుంటే ముందు కాలేజీ కుర్రాళ్లు, వాళ్ల వెనక హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న ఇక్కడ తుపాకులు పేలాయి. ఉద్యమం చల్లారేసరికి రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ ఫ్యాక్టరీ ప్రకటించారు, మరుసటి జనవరిలో శంకుస్థాపన జరిగింది. యాభై ఏళ్ల తర్వాత, 2021 జనవరి 27న, అదే ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఒప్పుకుంటే కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల దీక్షా శిబిరం వెలిసింది. ఎండకీ వానకీ ఆ రిలే దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. అడగడమే కాదు, పట్టు వదలకుండా అడగడం కూడా ఈ ఊరికి తెలుసు.

మరి బడి కోసం?

ఈ మధ్య కాలంలో రెండు సందర్భాలు నాకు స్పష్టంగా గుర్తున్నాయి. రెండింటి గురించీ కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది జ్ఞానాపురం. రైల్వే స్టేషన్‌కు వెనక, పోర్టుకు పక్కన ఉన్న పాత పేట అది. కూలీలు, కలాసీలు, రైల్వేలో చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తరతరాలుగా పిల్లల్ని అక్కడి ఎయిడెడ్ బడులకే పంపుతున్నారు. జీతం సర్కారుది, నిర్వహణ యాజమాన్యానిది. ఫీజు పెద్దగా ఉండదు, క్రమశిక్షణ ఉంటుందని పేరు. 2021 ఆగస్టులో 42వ నంబరు జీవో వచ్చింది. దాని వెనక మరికొన్ని వచ్చాయి. యాజమాన్యం ఇష్టపడితే బడిని ఆస్తులతో సహా ప్రభుత్వానికి అప్పగించవచ్చు. లేదా ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం అప్పగించి, సాయం లేకుండా ప్రైవేటుగా నడుపుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇది ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య వ్యవహారం. అందులో మూడో పక్షం ఒకటుందని జీవో రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. ఆ మూడో పక్షం అక్టోబరు చివరి వారంలో యూనిఫారాలతో సహా వచ్చి రోడ్డు మీద కూర్చుంది. ఫీజు కట్టాలా, చదువు సంవత్సరం మధ్యలో ఇంకో బడి వెతుక్కోవాలా అన్నది ఆ తల్లుల ప్రశ్న. నవంబరు 8న అనంతపురంలో ఎస్.ఎస్.బి.ఎన్. ఎయిడెడ్ కాలేజీ విద్యార్థుల మీద లాఠీ విరిగాక రాష్ట్రమంతా అట్టుడికింది. నాలుగు రోజుల్లో ప్రభుత్వం మెమో ఇచ్చింది. ముందు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చు అన్న వీలు అందులో కలిపారు.

గెలిచినట్టే. అయితే ఆ బడుల్లో రిటైరైన టీచర్ల స్థానంలో కొత్తవాళ్లను వేయడం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగిపోయింది. లెక్కల మాస్టారు వెళ్లిపోతే ఆ కుర్చీ అలాగే ఉండిపోయేది. హిందీ పంతులుగారు దిగిపోతే ఇంకో కుర్చీ. బడి ఒక్కసారిగా మూతపడబోతుందన్న రోజున రోడ్డు నిండింది. అదే బడి ఒక్కో కుర్చీ చొప్పున ఖాళీ అవుతున్న పదిహేనేళ్లలో అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఇందుకు తల్లుల్ని తప్పుపట్టలేం. ఖాళీ పోస్టు కంటికి కనబడదు. పిల్ల ఇంటికొచ్చి "సారు లేడు" అంటే సెలవులో ఉన్నాడేమో అనుకుంటారు.

రెండోది 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో. జాతీయ విద్యా విధానం పేరు చెప్పి ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లలో కలపాలన్నారు. అంతకు ముందు ఏడాది 250 మీటర్లతో మొదలైంది, ఈసారి కిలోమీటరయింది. సబ్జెక్టుకో టీచరు దొరుకుతాడన్నది ఇందులోని మంచి మాట. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ కిలోమీటరు అనేది మ్యాపు మీద ఒక సంఖ్య, మల్కాపురంలో ఇంకొకటి. ఆయిల్ ట్యాంకర్లు బారులు తీరే రోడ్డు, పోర్టు లారీలు తిరిగే కాన్వెంట్ జంక్షన్, గాజువాకను రెండుగా చీల్చే పదహారో నంబరు జాతీయ రహదారి, రైలు గేట్లు ఇవన్నీ ఆ కిలోమీటరులోనే ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని దాటాలి. ఇంకో చిక్కు ఉంది, అది ఇళ్లలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఐదో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తుంది. అక్కను హైస్కూలుకు పంపేస్తే తమ్ముణ్ని తీసుకెళ్లేది ఎవరు? "పొద్దున్నే నాను పన్లోకి ఎల్లిపోతాను మాస్టారూ, రోడ్డు ఎవులు దాటిస్తారు?" అని తల్లులు అడిగారు. ఆ జూలైలో బడులు తెరిచేసరికి రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు గేట్లకు తాళాలు వేశారు. టీచర్ల సంఘాలు వాళ్లతో కలిశాయి. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. పిల్లలు తగినంత మంది ఉన్నచోట తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ బడులు పెట్టారు. మంచిదే. మధ్యలో మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో వీధి చివరి ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిన పిల్ల మళ్లీ దిగి వెనక్కి రాదు. కరోనా కాలంలో సర్కారు బడుల్లో పెరిగిన సంఖ్య ఆ తర్వాత కరిగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

రెండు సందర్భాల్లోనూ జనం వచ్చింది ఉన్నది పోతుందన్న రోజున. పోయేదాన్ని ఆపడానికి గేటుకు తాళం చాలు. రావలసింది రప్పించడానికి వేరే పని చేయాలి, ఏడాది పొడుగునా చేయాలి. ఆ పనిని ఈ ఊళ్లో ఎవరూ నెత్తిన వేసుకోలేదు. ఈ సాయంత్రం నా ఫిర్యాదు అదే.

ఎందుకు వేసుకోలేదు? నాకు తోచిన మొదటి కారణం కాస్త మొహమాటపెట్టేది. అడగడం తెలిసినవాళ్ల పిల్లలు ఆ బడిలో లేరు. వినతిపత్రం రాయగలిగిన గుమస్తా, కలెక్టరు ముందు నిలబడి మాట్లాడగలిగిన యూనియన్ నాయకుడు, పత్రికకు ఉత్తరం రాసే లెక్చరరు, చివరికి ఆ బడిలోనే పాఠం చెప్పే టీచరు, వీళ్లలో చాలామంది పిల్లలు వేరే యూనిఫారంలో ఉంటారు. ఇది ఒకరి నైతికతకు సంబంధించిన విషయం అనుకోను. కానీ దాని ఫలితం మాత్రం ఉంది. ఉక్కు కోసం లేచిన గొంతుల్లో సగం బడి దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో ఉండిపోతాయి.

ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఉక్కునగరం గోడ దగ్గరకు వెళితే ఇది కళ్లకు కడుతుంది. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు లేచిపోయాయి. భూమి ఇచ్చినవాళ్లలో చాలామంది నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు జేబులో పెట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయ్యారు. గోడ లోపల కేంద్రీయ విద్యాలయం ఉంది, ఢిల్లీ పబ్లిక్ స్కూలు ఉంది. గోడ బయట వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలు, వాటి సర్కారు బడులు ఉన్నాయి. లోపలి విద్యాలయంలో సీటుకు ప్లాంటు ఉద్యోగుల పిల్లలకు ముందు వరస. అది వాళ్ల నిబంధన, అందులో అక్రమం ఏమీ లేదు. కానీ ఆ కుర్చీల కింద ఉన్న నేల ఎవరిదో వాళ్ల మనవలకు ఆ వరసలో చోటు లేదు. అదే ఫ్యాక్టరీలో అదే కొలిమి దగ్గర నిలబడే కాంట్రాక్టు కార్మికుడి పిల్లలకూ లేదు. అసమానత అంటే సర్వేలు, శాతాలు తిరగేయనక్కర్లేదు. ఒక గోడకు ఇటూ అటూ నడిస్తే చాలు.

చదువుకున్నవాళ్లు బడి పక్షాన నిలబడిన రోజులు ఈ ఊరికి లేకపోలేదు. వందేళ్ల కిందట జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఈ ప్రాంతపు బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లల చేత చదివిస్తున్న తెలుగు వాళ్లకే అర్థం కాని తెలుగులా ఉందేమిటని తరగతి గదుల్లో చూసి అనుమానపడ్డాడు. ఆ అనుమానం ఇక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరకు, అక్కణ్నుంచి విజయనగరంలో గురజాడ దగ్గరకు, పర్లాకిమిడిలో గిడుగు దగ్గరకు చేరింది. గిడుగు అప్పటికే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టిన మనిషి. మనం దీన్ని వ్యావహారిక భాషోద్యమం అని సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా పెట్టుకున్నాం. మొదలైంది మాత్రం బడి తనిఖీలో. కూలివాడి కొడుకు పరీక్షలో ఎందుకు తప్పుతున్నాడన్న లెక్క అది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. అప్పటికి ఓడిపోయారు. కానీ వాళ్లు ఓడిపోయిన తీరు చూడండి. ప్రతి వాదనకూ ఉదాహరణ ఉంది, ప్రతి అభ్యంతరం కాగితం మీద ఉంది. తర్వాతి తరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు రెండో కారణం. అడగాలన్నా ఎవరిని అడగాలో తెలియదు.

మధురవాడ వైపు చంద్రంపాలెం జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. వేల సంఖ్యలో పిల్లలతో రాష్ట్రంలోనే పెద్ద సర్కారు బడుల్లో ఒకటి. సర్కారు బడికి పిల్లలు రారన్న మాటను ఆ గేటు దగ్గర నిలబడి ఎవరూ అనలేరు. ఆ ప్రాంతం మహానగర పాలక సంస్థ పరిధిలోది. అక్కడి తల్లిదండ్రులు ఓటు వేసేది కార్పొరేటరుకు. బడి మాత్రం జిల్లా పరిషత్‌ది. ఆ పరిషత్ సభ్యుల్ని ఎన్నుకునేది పల్లెల ఓటర్లు. అంటే రాష్ట్రంలోనే పెద్ద బడుల్లో ఒకదానికి పిల్లల్ని పంపే తల్లికి ఆ బడి యాజమాన్యం మీద ఓటు లేదు. 2005లో గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ నగరంలో కలిపినప్పుడు ఇళ్ల పన్ను నగరానిదైంది, బడులు పాత లెక్కలోనే ఉండిపోయాయి. ఇక మున్సిపల్ బడుల సంగతి. వాటి పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. ఇప్పుడు పైకప్పు కారితే ఒక ఆఫీసు, టీచరు రాకపోతే ఇంకో ఆఫీసు. ఒకే వార్డులో మున్సిపల్ బడి, పరిషత్ బడి, ఎయిడెడ్ బడి పక్కపక్కన ఉంటాయి. మూడింటికీ ముగ్గురు దేవుళ్లు.

పోనీ కార్పొరేటరుకైనా చెప్పుకుందామంటే, 2012 నుంచి 2021 దాకా ఈ నగరానికి కార్పొరేటరే లేడు. మొదటి పాలకవర్గం గడువు తీరాక తొమ్మిదేళ్లు ఎన్నికలు జరగలేదు. 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే. ఇది మామూలు తొమ్మిదేళ్లు కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులో తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థ మీద చాలా బరువులు పెట్టింది. తన పరిధిలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి లెక్క రాసి ఉంచాలి, వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించాలి. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూలి పనికి వచ్చి అపార్ట్‌మెంట్ పునాదుల పక్కనే రేకుల షెడ్డులో ఉండే కుటుంబాల నగరం మనది. చట్టం పుట్టిన మొదటి దశాబ్దంలో చాలాకాలం, ఆ పని జరిగిందా అని కౌన్సిల్లో లేచి నిలబడి అడిగే మనిషే లేడు.

అసలు ఆ హక్కు పుట్టుకే చిత్రం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అన్నది. ఆ కేసు వేసినవాళ్ల బాధ మెడికల్, ఇంజనీరింగు కాలేజీల ఫీజులు. ఒకటో తరగతి పిల్ల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. పెద్దవాళ్ల తగువులో పిల్లలకు ఒక హక్కు దొరికింది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకు ఇవ్వాలన్న నిబంధన కూడా చట్టం వచ్చిన పన్నెండేళ్లకు, 2022-23లో గానీ మన రాష్ట్రంలో కదల్లేదు. ఆ నిబంధన మీద నాకు పెద్ద మోజు లేదు. కాస్త గొంతున్న పేద కుటుంబాన్ని కూడా అది సర్కారు బడి నుంచి బయటికి తీసుకుపోతుందని నా భయం.

నా దృష్టిలో ఆ చట్టంలో అసలైన ఆయుధం 21, 22 సెక్షన్లలో ఉంది. 21 ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. మనవాళ్లు పేరెంట్స్ కమిటీ అంటారు. నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. 22 ప్రకారం ఆ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఎంతమంది పిల్లలు వస్తారు, ఎంతమంది టీచర్లు కావాలి, గదులు ఎన్ని, డబ్బు ఎంత అన్నది ఏడాదివారీగా మూడేళ్లకు రాయాలి. ఆ తర్వాతి వాక్యమే ముఖ్యం. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకూ వేసే ప్రణాళికలకూ ఈ ప్రణాళికే ఆధారం కావాలని చట్టం అంటోంది. "కావచ్చు" అనలేదు. అంటే జాలరిపేటలో చేపల తట్ట మోసే తల్లి సభ్యురాలిగా రాసిన కాగితం మీద అమరావతిలో బడ్జెట్ నిలబడాలి. ఇంత అధికారం మన దేశంలో ఇంకే పేదరాలికీ ఏ చట్టమూ ఇవ్వలేదని నా అభిప్రాయం.

జరిగేది మీకు తెలుసు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఒకే రోజు కమిటీ ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకున్నారు, కొన్నిచోట్ల పార్టీల వాళ్లు వచ్చి కొట్టుకున్నారు కూడా. చైర్మన్ కుర్చీకి కొట్టుకున్నవాళ్లు ప్రణాళిక రాయడానికి కొట్టుకున్న దాఖలా లేదు. తర్వాత తీర్మానాల పుస్తకం హెచ్చెం బల్ల సొరుగులోకి వెళ్లిపోతుంది. పై నుంచి ఫార్మాట్ వస్తుంది, ఆన్‌లైన్లో అప్‌లోడ్ చేయడానికి మధ్యాహ్నం మూడు గంటల దాకా గడువు ఉంటుంది. హెచ్చెం నింపుతాడు, ఆయాను పంపించి చైర్మనమ్మను పిలిపిస్తాడు. "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా." ఆమె పెడుతుంది. దేని మీద పెట్టానని అడగదు, అడిగితే పిల్ల మీద కోపం చూపిస్తారేమోనన్న జంకు. హెచ్చెంను కూడా దుర్మార్గుణ్ని చేయనక్కర్లేదు. ఆయనకు ఆ రోజు యాప్‌లో నింపాల్సినవి ఇంకా ఉంటాయి.

వాళ్లకు చేతకాదు అనేవాళ్లకు ఒక జవాబుంది. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు అనే బడుల బాగుచేత పథకం మొదటి విడతలో 15,715 బడుల పనులు కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా పేరెంట్స్ కమిటీల ఖాతాల్లో డబ్బు వేసి చేయించారు. మూడున్నర వేల కోట్లకు పైగా ఖర్చు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నారు, మేస్త్రీతో పేచీ పెట్టుకున్నారు, కుళాయిలు ఊడిపోతే నిలదీశారు. అన్నిచోట్లా అద్భుతాలు జరగలేదు, రెండో విడత భవనాలు ఎన్నోచోట్ల మొండి గోడలతో ఆగిపోయాయి.  అయినా డబ్బు, బాధ్యత రెండూ చేతికిస్తే తల్లిదండ్రులు లెక్క చూసుకోగలరన్నది అప్పుడు తేలిపోయింది. వాళ్లకు ఇచ్చింది గోడల లెక్క మాత్రమే. టీచర్ల లెక్క ఇవ్వలేదు.

ఇక్కడ కాసేపు సముద్రం దాటి వెళ్దాం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియో నగరం. దాని పడమటి పక్కన ఎడ్జ్‌వుడ్ అనే బడుల జిల్లా. మెక్సికన్ మూలాల కూలి జనం ఉండేవారు. 1968 మేలో అక్కడి హైస్కూలు పిల్లలు సుమారు నాలుగు వందల మంది తరగతులు వదిలి బయటికి నడిచారు. విరిగిన కిటికీలు, పాడైన మరుగుదొడ్లు, అర్హత లేని టీచర్లు. అచ్చం మన ఫిర్యాదుల పట్టికే. తల్లిదండ్రులు సమావేశమయ్యారు. మొదట వాళ్ల అనుమానం స్థానిక అధికారుల మీద, డబ్బు తినేస్తున్నారని. ఆర్థర్ గోచ్‌మన్ అనే లాయరు లెక్కలు చూసి, తినడానికి అక్కడ డబ్బే లేదని చెప్పాడు. బడి ఖర్చు ఆ ప్రాంతపు ఇళ్ల పన్ను మీద ఆధారపడేది. పేద ఇళ్లకు పన్ను రేటు ఎక్కువ వేసినా రాబడి తక్కువే. ఎడ్జ్‌వుడ్‌లో పిల్లకు ఏడాదికి 356 డాలర్లు, అదే ఊళ్లో సంపన్నుల ఆలమో హైట్స్‌లో 594 డాలర్లు. విమానాల స్థావరంలో రేకుల పని చేసే డెమెట్రియో రోడ్రిగెజ్ పేరు మీద దావా వేశారు. మన షిప్‌యార్డు ప్లేటు షాపులో పనిచేసే మనిషి లాంటివాడు.

1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆయన్ను ఓడించింది. చదువు తమ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదంది. అప్పటికే ఐదేళ్లు. రోడ్రిగెజ్ వదల్లేదు. అదే ఎడ్జ్‌వుడ్ పేరుతో ఇంకో దావా రాష్ట్ర కోర్టులకు వెళ్లింది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు తొమ్మిది మందీ ఒక్కమాటగా ఆ పద్ధతి చెల్లదన్నారు. పిల్లలు నడిచి బయటికొచ్చిన రోజుకూ ఆ తీర్పుకూ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. ఆ కథలో నన్ను కట్టిపడేసేది ఆ రెండు అంకెలు, 356, 594. అవి చేతికి రాకముందు వాళ్ల దగ్గర ఉన్నది కోపం. వచ్చాక వాదన.

మన చదువు హక్కు రాజ్యాంగంలో ఉంది. రోడ్రిగెజ్‌కు లేనిది మనకు ఉంది. మన దగ్గర లేనివి అంకెలు. ఒకే జోనులో రెండు మున్సిపల్ హైస్కూళ్ల మధ్య లెక్కల టీచరుకు ఎంతమంది పిల్లలు పడుతున్నారో మనలో ఎవరికైనా తెలుసా? 2018 తర్వాత మళ్లీ పూర్తి స్థాయి డీఎస్సీ జరగడానికి 2025 వచ్చింది, 16,347 పోస్టులు. మధ్యలో సర్దుబాటు పేరుతో ఏ బడి టీచరును ఎన్నాళ్లు ఏ బడికి పంపారో బడివారీగా రాసి పెట్టుకున్న కమిటీ ఒక్కటి చూపించండి. సర్దుబాటు మంచి మాటే. సర్దుకునేది ఎప్పుడూ ఒకే పేట పిల్లలైతేనే చిక్కు.

కంపెనీల సాయం ఉందిగా అంటారు. పోర్టు, రిఫైనరీ, ఇంకా చాలా సంస్థలు బెంచీలు ఇచ్చాయి, గదులు కట్టాయి, మరుగుదొడ్లు కట్టాయి. కృతజ్ఞులమే. కానీ 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ నిధి గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. లాభం లేకపోతే బాధ్యత లేదు. ఉక్కు ఫ్యాక్టరీ నష్టాల్లో కూరుకుపోయిన ఏళ్లలోనే దాని గేటు ముందున్న కాలనీల్లో పని పోయింది, సర్కారు బడి అవసరం పెరిగింది. అవసరం పెరిగిన ఏడాదే దానం ఆగుతుంది. పైగా దాత తనకు కనిపించే బడికే ఇస్తాడు. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న బడి గోడ మీద ఎన్ని శిలాఫలకాలు ఉన్నాయో, పెదగంట్యాడ లోపలి సందులో బడి గోడ మీద ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసి రండి.

ఇంగ్లీషు మీడియం గురించి ఈ సభలో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెబుతాను. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలంటూ 2019 నవంబరులో ఇచ్చిన 81వ జీవోను హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. తెలుగు పక్షాన మాట్లాడే నా మిత్రులు చాలామంది ఆ అంకెను చూసి జనానికి బుద్ధి లేదన్నారు. వాళ్ల మనవలు ఏ మీడియంలో ఉన్నారో నేను అడగలేదు. తల్లి అడిగింది ఇంగ్లీషు అని మనం విన్నాం. ఆమె అడిగింది గోడ లోపలి పిల్లకు దొరికేదే నా పిల్లకూ దొరకాలని. ఆ కోరికకు న్యాయం చేయాలంటే మీడియం బోర్డు మారిస్తే సరిపోదు, మంచి ఇంగ్లీషు టీచరూ మంచి తెలుగు టీచరూ ఇద్దరూ ఉండాలి. మళ్లీ టీచర్ల లెక్క దగ్గరికే వచ్చాం.

ఇంకో చిన్న విషయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలాక విశాఖ జిల్లా పదకొండు మండలాలకు తగ్గింది. దాదాపు నగరమే జిల్లా. ఇదివరకు ఏ లోటు గురించి అడిగినా మన్యం వైపు చూపించేవారు. కొండలు, దారుల్లేవు, టీచర్లు ఎక్కరు అని. ఇప్పుడు పాడేరు వేరే జిల్లా. ఈ జిల్లాలో బస్సు వెళ్లని బడి దాదాపు లేదు. సాకు కూడా చీలిపోయింది.

కాబట్టి ఈ హాల్లో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పింఛను తీసుకుంటున్న మిత్రులకు, ఒక పని చెబుతాను. పోర్టు అకౌంట్స్‌లో, స్టీల్‌ప్లాంటు ఫైనాన్సులో, బ్యాంకుల్లో, ఎల్ఐసీలో ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ట్యూషన్ చెప్పమని అడగను, నోటు పుస్తకాలు పంచమని అడగను. మీ ఇంటికి దగ్గరలో ఉన్న సర్కారు బడి కమిటీ చైర్మనమ్మ ఎవరో కనుక్కోండి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే ప్రణాళిక తయారవ్వాలని నిబంధన, అంటే డిసెంబరు. దసరా సెలవులు అయ్యాక ఆమెతో, మిగతా సభ్యులతో రెండు ఆదివారాలు కూర్చోండి. బడిలో కూర్చోనక్కర్లేదు, రామాలయం అరుగు చాలు. మాట్లాడేది వాళ్లు, రాసేది మీరు. పిల్లలెందరు, మంజూరైన పోస్టులెన్ని, మనిషి ఉన్న పోస్టులెన్ని, సర్దుబాటు మీద వెళ్లినవాళ్లెవరు, పక్క బడిలో పరిస్థితి ఏమిటి. పోలిక లేకుండా రాయకండి. మీ వ్యాకరణం కోసం వాళ్ల మాటను దిద్దకండి. సమావేశానికి కార్పొరేటరును కూడా పిలవండి, వస్తారా రారా అన్నది మినిట్స్‌లో రాయండి.

రెండు ప్రతులు తీయండి. ఒకటి తీర్మానంతో సహా ఎంఈవో ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీ ముద్ర వేయించుకుని చైర్మనమ్మ దగ్గర ఉంచండి, హెచ్చెం సొరుగులో వద్దు. గ్రాంట్లు విడుదలయ్యాక ఆ ప్రతిని పక్కన పెట్టుకుని చూడండి. అడిగినదానికీ వచ్చినదానికీ పొంతన లేకపోతే ఎందుకు లేదో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఆమె పేరు మీదే పెట్టించండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు దరఖాస్తు రుసుము కూడా లేదు.